ఏపీ క్లాసా, డ్యూయల్ క్రెడిట్టా?

జనవరి వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఇదే మాట. వచ్చే ఏడాదికి పిల్లల్ని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి) క్లాసులు తీసుకోనివ్వాలా, కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ (ఒకే కోర్సు హైస్కూలుకీ, కాలేజీకీ లెక్కకొచ్చేది) చేయించాలా? మా అమ్మాయి పదకొండులోకి వెళ్తోంది. ఇంగ్లిష్, అమెరికా చరిత్ర ఎటు తీసుకోవాలన్నది మా ఇంట్లో పెద్ద పంచాయితీ.

మా ఆయన ఓటు ఏపీకే. ఎంసెట్ రాసి పైకొచ్చిన మనిషి మరి! మేలో ఒక్క పరీక్ష, అయిదుకి ఇంత అని స్కోరు. పైగా 2015 నాటి చట్టం వల్ల టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా కోర్సులకి 3 వచ్చినా క్రెడిట్ దొరుకుతుంది. అమ్మాయి మాత్రం, "ఆ రోజు నాకు జ్వరమొస్తే ఏడాది కష్టం గంగలో పోవాలా నాన్నా?" అంటుంది. డ్యూయల్ క్రెడిట్‌లో సెమిస్టరంతా వ్యాసాలు, క్విజ్‌లు. పాసైతే క్రెడిట్ వచ్చినట్టే. రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీలకి 42 క్రెడిట్ గంటల కోర్ కరికులం (అందరూ చదవాల్సిన ఉమ్మడి కోర్సులు) ఉంది, అందులోవైతే ఏ ప్రభుత్వ యూనివర్సిటీకైనా బదిలీ అవుతాయి. ప్రైవేటువీ, బయటి రాష్ట్రాలవీ ఎవరి లెక్క వాళ్లదే. బ్రౌన్, డార్ట్‌మత్ అయితే ఏపీ స్కోర్లకి కూడా డిగ్రీ క్రెడిట్ ఇవ్వవు.

నాకు గుబులు పుట్టించేది ఇంకొకటి. మన పిల్లల్లో సగం మందికి నోట్లో మెడిసిన్ మాటే కదా. మెడికల్ స్కూల్‌కి అప్లై చేసేటప్పుడు, హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సుల గ్రేడ్లు కూడా చూపించాలి, జీపీఏలో కలుస్తాయి. పదహారేళ్లప్పుడు కెమిస్ట్రీలో తెచ్చుకున్న సీ గ్రేడు, ఇరవై రెండేళ్లకి కూడా వెంటే ఉంటుంది. ఏపీ స్కోరు తక్కువొస్తే పంపకుండా ఊరుకోవచ్చు. ఈ సంగతి స్నేహితుల పార్టీల్లో ఎవరూ చెప్పరు, "మావాడు హైస్కూల్లోనే రెండేళ్ల కాలేజీ పూర్తి చేశాడు" అనేదొక్కటే వినిపిస్తుంది.

ర్యాంకు గొడవ సరే సరి. టెక్సస్ యూనివర్సిటీ (యూటీ) ఆస్టిన్‌లో ఆటోమేటిక్ సీటు 2026 నుంచి హైస్కూలు క్లాసు ర్యాంకులో టాప్ 5 శాతంలో ఉన్నవాళ్లకే. డ్యూయల్ క్రెడిట్‌కి ఆ ర్యాంకు లెక్కలో ఏపీతో సమానంగా వెయిటేజీ ఇస్తారో లేదో ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఒక్కో రూలు. కౌన్సెలర్‌ని అడిగి తీరాల్సిందే.

మొత్తానికి అమ్మాయే తేల్చింది: సైన్సులు, కాల్క్యులస్ ఏపీ, ఇంగ్లిష్, చరిత్ర డ్యూయల్ క్రెడిట్. డ్యూయల్ క్రెడిట్‌కి ముందు టీఎస్‌ఐ అని, కాలేజీ చదువుకి సిద్ధంగా ఉన్నారో లేదో చూసే పరీక్ష ఒకటి ఉంటుందట. పరీక్ష అనగానే మా ఆయన ప్రాక్టీసు పేపర్లు ప్రింటు తీసేశారు.