స్టోర్‌రూమ్ బల్బు మార్చి నేనేం సాధించాను

ఎల్ఈడీల మోజులో ఒక ఆదివారం స్టూలెక్కి ఇంట్లో ఉన్న బల్బులన్నీ పీకేశాను, స్టోర్‌రూమ్‌లోదీ వదల్లేదు. తీరా కాగితం మీద లెక్క వేసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆ గదిలో 60 వాట్ల బల్బు రోజుకి ఐదు నిమిషాలు వెలిగితే గొప్ప, నెలంతా కలిపినా యూనిట్‌లో ఆరో వంతు కాలదు. అదే హాల్లోది రోజూ ఐదు గంటలు వెలుగుతుంది కాబట్టి నెలకి 9 యూనిట్లు, దాని చోట 9 వాట్ల ఎల్ఈడీ పెడితే ఒకటిన్నర కూడా దాటదు. కాబట్టి ముందు ఎక్కువసేపు వెలిగేదాన్ని పట్టుకోండి. మిగతావి మాడిపోయినప్పుడు చూసుకోవచ్చు.

పాత బల్బు అంత కరెంటు ఎందుకు తాగుతుందో తెలియాలంటే వెలుగుతున్నప్పుడు దగ్గర చెయ్యి పెట్టి చూడండి (ముట్టుకోకండి, నేను ముట్టుకున్నాను). లోపలి టంగ్‌స్టన్ తీగ భగభగ కాగితే గానీ వెలుగు రాదు, లాగిన కరెంటులో నూటికి తొంభై పాళ్లకి పైగా ఆ వేడికే పోతుంది. ఎల్ఈడీలో తీగ కాల్చే పని లేదు. చిన్న చిప్ నీలి కాంతి ఇస్తుంది, దాని మీద ఉన్న పసుపు పూత అందులో కొంత పసుపు కాంతిగా మార్చేసరికి, రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలి చిప్ కుదరడానికే దశాబ్దాలు పట్టింది, అందుకే దాన్ని సాధించిన శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ వచ్చింది.

కొనేటప్పుడు వాట్లు చూసి వెలుగు అంచనా వేయకండి, ల్యూమెన్లు (బల్బు ఇచ్చే వెలుగు కొలత) చూడండి. పాత 60 వాట్ల వెలుగు కావాలంటే సుమారు 800 ల్యూమెన్లు. రంగు కూడా చూసుకోవాలి, దాన్ని కెల్విన్లలో చెప్తారు, 6500 కెల్విన్‌ది తెచ్చి పడకగదిలో పెడితే ఆపరేషన్ థియేటర్‌లో పడుకున్నట్టు ఉంది, 2700 అయితే పసుపు ఛాయలో హాయిగా ఉంటుంది.

పెట్టె మీద 25,000 గంటలని రాసున్న బల్బొకటి ఏడాది తిరక్కుండానే మిణుకుమిణుకుమంది. విప్పి చూస్తే చిప్‌లన్నీ బాగానే ఉన్నాయి, అడుగున ఉన్న డ్రైవర్‌లో (ఇంటి కరెంటుని చిప్‌లకి తగ్గట్టు మార్చే సర్క్యూట్) బుల్లి కెపాసిటర్ మాత్రం బూరెలా ఉబ్బిపోయింది. ఎల్ఈడీ అస్సలు వేడెక్కదని నమ్మి మూసేసిన గాజు డోమ్‌లో బిగించాను మరి, ఉన్న కాస్త వేడీ బయటికి పోయే దారి లేక ఆ కెపాసిటర్‌నే ఉడకబెట్టింది. ఇప్పుడు డోమ్ తీసేశాను. బోసిగా ఉందని ఇంట్లోవాళ్లు ఇంకా గొణుగుతూనే ఉన్నారు.