చలికాలంలో సెంట్రల్ పార్కు పిట్టలు

జనవరిలో న్యూజెర్సీలో అమ్మాయి దగ్గరున్నప్పుడు, పక్కనే న్యూయార్క్‌లో ఉన్న సెంట్రల్ పార్కుకు వెళ్ళి పిట్టల్ని చూద్దామన్నాను. "ఇంత చలిలో ఏముంటాయి నాన్నా? మే నెలలో అయితే రంగురంగులవి వస్తాయి" అంది. ఆ మాట నిజమే, ఉత్తరానికి పోయే వలస పిట్టలు అప్పుడే అక్కడ దిగుతాయి. కానీ అప్పటికి చెట్ల నిండా ఆకులుంటాయి. చలికాలంలో కొమ్మలన్నీ బోసిగా ఉంటాయి కాబట్టి ఏది వాలినా ఇట్టే కనపడుతుంది. నా మట్టుకు నాకు ఇదే మంచి కాలం.

పెన్ స్టేషన్ దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణించి సబ్‌వే రైలెక్కి 81వ వీధిలో దిగాం. పైకి రాగానే నేచురల్ హిస్టరీ మ్యూజియం, రోడ్డు దాటితే పార్కు. క్రిస్మస్ నాడు జట్లుగా తుపాకులు పట్టుకెళ్ళి పిట్టల్ని కొట్టే ఆనవాయితీ ఒకప్పుడు ఈ దేశంలో ఉండేది. చంపడం మాని లెక్కపెడదాం రమ్మని 1900లో పిలిచిన ఫ్రాంక్ చాప్‌మన్ ఈ మ్యూజియం ఉద్యోగే. ఆ మొదటి ఏడు లెక్కలు తీసిన 25 చోట్లలో ఈ పార్కు ఒకటి. లెక్కింపు ఇప్పటికీ ఏటా జరుగుతూనే ఉంది. ఆయనకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

పార్కు మొత్తం 843 ఎకరాలు. మేం నేరుగా రాంబుల్‌కి వెళ్ళాం. అది కావాలని అడవిలా పెంచిన చోటు. చలికాలంలో అక్కడ కొమ్మలకు గింజల డబ్బాలు వేలాడదీస్తారు. ఒక డబ్బాకు కాస్త ఎడంగా కదలకుండా నిలబడ్డాం. ముందు టిట్‌మౌస్ అనే చిన్న పిట్ట వచ్చింది. బూడిదరంగు ఒళ్ళు, నెత్తిన కుచ్చు, గుండ్రటి నల్లకళ్ళు. ఒక్క గింజ తీసుకుని పక్క కొమ్మకు పోయింది. గింజను కాళ్ళ కింద అదిమిపట్టి, ముక్కుతో టకటకా పొడిచి, పొట్టు వదిలేసి పప్పు తిని మళ్ళీ వచ్చింది. కింద తెల్లగొంతు పిచ్చుకలు రెండు కాళ్ళతో ఒకేసారి వెనక్కి గెంతుతూ ఎండుటాకులు తిరగేస్తున్నాయి. ఇవి కెనడా అడవుల నుంచి చలి తప్పించుకోవడానికి ఇక్కడికొస్తాయట! ఇంతలో పండుమిరప రంగులో మగ కార్డినల్ వచ్చి మంచు మీద వాలింది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం 106 ఎకరాల రిజర్వాయరు. గడ్డకట్టని నీళ్ళలో షవలర్ బాతులు గుంపుగా, ముక్కులు నీళ్ళలో పెట్టి గుండ్రంగా తిరుగుతున్నాయి. ముందు బాతు కాళ్ళు కదిపితే పైకి లేచిన నలుసుల్ని వెనకది తన చెంచాలాంటి ముక్కుతో వడగట్టుకుంటుంది. చలికాలంలో మన కొల్లేరుకూ వచ్చే బాతే ఇది. అక్కడ ఎప్పుడు చూసినా ఎక్కడో దూరంగా చుక్కల్లా కనిపించేవి. ఇక్కడ రెయిలింగ్ పక్కన నిలబడితే ముక్కు అంచున జారే నీటిచుక్క కూడా కనపడింది. "ఇంకాసేపు ఉందాం నాన్నా" అని ఈసారి తనే అంది.

పిల్లల దగ్గరికని చలికాలంలో వెళ్ళేవాళ్ళు ఒక రోజు దీనికోసం ఉంచుకోండి. జనవరిలో అయిదు గంటల ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది, పొద్దున్నే బయల్దేరండి. మందపాటి గ్లౌజులతో బైనాక్యులర్ తిప్పడం కష్టం, వేళ్ళ కొసలు బయటికుండే రకం తీసుకెళ్ళండి.