'దేన్' తర్వాత రాలిపోయిన మాటలు

డిగ్రీ వరకూ నాది తెలుగు మీడియం. గుంటూరు బ్రాడీపేటలో రూమ్ తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదివేటప్పుడు, ఇంగ్లీషులో టెన్సులు ఎలాగో పట్టుబడ్డాయి గానీ పోలికల దగ్గర టెన్షన్ వచ్చేది. 'ద వర్క్ టుక్ లాంగర్ దేన్ ఎక్స్‌పెక్టెడ్'. దేన్ (than, అంటే 'కంటే') తర్వాత మనిషో వస్తువో ఉండాలి కదా, ఇక్కడ దేంతో పోలుస్తున్నారు?

రూమ్‌లో ఉండే అక్క అప్పటికే ప్రిలిమ్స్ దాటింది. "దేన్ దగ్గర ఆగవే. అక్కడ ఇంకో వాక్యం ఉంది. ముందు చెప్పిన మాటలే కాబట్టి తీసేశారు. వాటిని మళ్లీ పెట్టుకుని చదువు" అంది. పెట్టి చూశాను: 'దేన్ ఇట్ వాజ్ ఎక్స్‌పెక్టెడ్ టు టేక్'. అనుకున్నదానికంటే ఎక్కువ టైమ్ పట్టింది, అంతే. 'దేన్ యూజువల్', 'యాజ్ సూన్ యాజ్ పాసిబుల్' కూడా ఇలాగే విడిపోయాయి.

ఇక దేన్ ఉన్న వాక్యాలు నేనే రాసుకుని, తీసేసిన భాగాన్ని పెన్సిల్‌తో పూరించేదాన్ని. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. దాని మీద 'ద ఫ్లో వాజ్ హయ్యర్ దేన్ ఇన్ 2009' అని రాశాను. ఇందులో 'ఇట్ వాజ్' పోయింది, 'ఇన్' మాత్రం ఉండాల్సిందే. అదీ తీసేస్తే వరదను వరదతో కాక, ఏకంగా ఒక సంవత్సరంతో పోల్చినట్టవుతుంది.

నాకు బాగా నచ్చింది, ఎక్కువ రోజులు పట్టిందీ సర్వనామాల సంగతే. 'షి ట్రస్ట్స్ హిమ్ మోర్ దేన్ మీ' అంటే, ఆమెకు నా మీద కంటే అతని మీద నమ్మకం ఎక్కువ. 'దేన్ ఐ' అంటే, అతణ్ని నేను నమ్మేదానికంటే ఆమె ఎక్కువ నమ్ముతుంది. ఒక్క చిన్న మాటతో మనుషుల మధ్య సంబంధమే మారిపోతోంది! మాట్లాడేటప్పుడు రెండో అర్థానికీ చాలామంది 'మీ' అనే అంటారు. అందుకే 'దేన్ ఐ డూ' అని పూర్తిగా రాయడమే మంచిదని నా అభిప్రాయం.

తప్పులు పట్టే ప్రశ్నల్లో మనవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇంకొకటి ఉంది. గుంటూరులో "పత్తి కంటే మిర్చి ధర ఎక్కువ" అంటే ఎవరూ తప్పుపట్టరు. ఇంగ్లీషు పరీక్షలో మాత్రం ధరను ధరతోనే పోల్చాలి: 'ద ప్రైస్ ఆఫ్ చిల్లీస్ ఈజ్ హయ్యర్ దేన్ దట్ ఆఫ్ కాటన్'. 'ప్రైసెస్' అయితే 'దోజ్ ఆఫ్'. అలాగే రాష్ట్రంలోని మిగతా అన్ని నగరాల కంటే విజయవాడ వేడి అని రాయాలంటే 'ఎనీ అదర్ సిటీ' అనాలి, విజయవాడా ఆ నగరాల్లో ఒకటే కాబట్టి.

కాంప్రహెన్షన్‌లో, అంటే పేరా చదివి జవాబులు ఎంచుకునే ప్రశ్నల్లో, ఒక్కోసారి దేన్ కూడా ఉండదు. 'షి ఈజ్ బెటర్ టుడే' అని ఊరుకుంటారు. ఎప్పటికంటే బాగుందో పై వాక్యంలోనో, అంతకు ముందు పేరాలోనో వెతుక్కోవాలి. ఇప్పుడు నేను ముందు అదే వెతికి, ఆ తర్వాతే ఆప్షన్లు చూస్తున్నాను.