85 పౌండ్ల సీటు కంటే చర్చి బెంచీ నయం

లండన్‌లో నాలుగు రోజులున్నాను. బ్రిడ్జీలు, మ్యూజియంలు, గడియారం టవరు అన్నీ చూశాను గానీ వాటి గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వదిలేస్తున్నా. అసలు నేను వెళ్లింది ఒక్క పని మీద. స్టార్ వార్స్ మొదటి సినిమాని తెర మీద వేసి, దాని రీరికార్డింగ్ మొత్తాన్ని కింద ఆర్కెస్ట్రా లైవ్‌గా వాయిస్తుందంటే ఆర్నెల్ల ముందే టికెట్ కొన్నాను. 85 పౌండ్లు. రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దని ఒట్టు పెట్టుకుని మరీ కొన్నాను.

తీరా వెళ్తే నా సీటు ముందు లైట్ల స్టాండు. తెర మొత్తం కనిపిస్తోంది, ఆర్కెస్ట్రా సగమే కనిపిస్తోంది. వయొలిన్లున్న సగం నాది, ఫ్రెంచ్ హార్న్‌లు, అంటే చుట్టచుట్టిన ఇత్తడి బూరలు, ఉన్న సగం స్టాండు వెనక. ఆ సినిమా సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్. ఆయన సంగీతానికి హార్న్‌లు కనపడని చోట కూర్చోవడమంటే పెళ్లికెళ్లి పెళ్లికూతురిని చూడకుండా భోంచేసి రావడమే. అక్కడున్న అమ్మాయికి చెప్తే నవ్వుతూ సారీ చెప్పింది, అంతే.

దానికైనా సర్దుకున్నాను. మొదటి తీగ మోగగానే వచ్చిన చిరాకు మాత్రం ఇప్పటికీ పోలేదు. ఎదురుగా ఎనభై మంది వాయిస్తున్నారు, శబ్దం మాత్రం పక్కన వేలాడదీసిన స్పీకర్లలోంచి వస్తోంది! కారణం తెలియక కాదు. మాటలు, పేలుళ్లు, అంతరిక్ష ఓడల హోరు అన్నీ స్పీకర్లలోంచే వస్తాయి కాబట్టి, వాటికి సమానంగా వినపడాలంటే ఆర్కెస్ట్రాకీ మైకులు పెట్టక తప్పదు. సరే, మరి ఇంట్లో మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేదానికీ దీనికీ తేడా ఏమిటి? ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ పరిస్థితి ఇంకా పాపం. ఆయన ముందు చిన్న తెర, దాని మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి జరుగుతుంది, అంచుకి చేరగానే ఒక చుక్క మెరుస్తుంది, సరిగ్గా ఆ క్షణానికి ఆ స్వరం పడాలి. ఇష్టమొచ్చినట్టు ఒక చోట ఆగి, ఒక చోట సాగదీసే స్వేచ్ఛ లేదు. లైవ్ అన్నమాటే గానీ 1977లో ఎక్కడ మేకు కొట్టారో అక్కడే నిలబడాలి.

అయినా ఆ రెండు సూర్యుల సీన్ వచ్చినప్పుడు ఒళ్లు జలదరించింది, అబద్ధం చెప్పను. కుర్రాడు ఇసకలో నిలబడి దిగంతంలోకి చూస్తుంటాడు, ఒక్క హార్న్ మెల్లగా మొదలెడుతుంది, తర్వాత వయొలిన్లన్నీ దాన్ని ఎత్తుకుంటాయి. నాకు కనపడని హార్న్ అది.

ఇంటర్వెల్‌లో పక్క సీటు పెద్దాయనతో మాట కలిసింది. ఒకప్పుడు సినిమా రికార్డింగుల్లో వయోలా, అదే వయొలిన్ కంటే కాస్త పెద్దది, వాయించేవాడట. నేను అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పాడు. స్టూడియోకి వెళ్లేదాకా నోట్స్ కనపడవు, స్టాండు మీద కాగితం చూసి మొదటిసారే వాయించెయ్యాలి. దాని మీద సీను పేరు ఉండదు, 3ఎం2 లాంటి నంబరు ఉంటుంది, అంటే మూడో రీలులో రెండో బిట్టు అని. ఒక చెవికి హెడ్‌ఫోన్, అందులో తాళం తప్పకుండా టిక్ టిక్ మంటూ క్లిక్, రెండో చెవి పక్కవాళ్ల కోసం. "మరి మీకు బాగా నచ్చిన సినిమా ఏది?" అనడిగితే, తను వాయించిన వాటిలో సగం సినిమాలు చూడనే లేదన్నాడు.

మన ఇళయరాజా గురించి చెప్పాను. ఆర్కెస్ట్రాలో ఏ వాయిద్యం ఏం వాయించాలో వేరే ఆర్కెస్ట్రేటర్ లేకుండా ఆయనే కాగితం మీద రాసేస్తారని. పెద్దాయన కనుబొమలెగరేశాడు. విలియమ్స్ కూడా స్కెచ్ చాలా వివరంగా రాస్తాడు గానీ దాన్ని పూర్తి స్కోరుగా విప్పడానికి పక్కన ఒక మనిషి ఉండేవాడు, హెర్బర్ట్ స్పెన్సర్. దీన్ని పట్టుకుని ఎవరు గొప్ప అని కొట్టుకునేవాళ్లను చూశాను, నేనూ కొట్టుకున్నాను. ఇప్పుడు ఆ ఓపిక లేదు.

మర్నాడు ఆబీ రోడ్, పేరున్న రికార్డింగ్ స్టూడియోలున్న వీధి. అక్కడ జనమంతా బీటిల్స్ బ్యాండు ఆల్బమ్ అట్ట మీదున్న జీబ్రా క్రాసింగ్ మీద నడుస్తూ ఫొటోలు దిగడంలో మునిగిపోయారు, వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. ఆ గోడ లోపలే స్టూడియో వన్ ఉందనీ, 1931లో ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ చేతుల మీదుగా మొదలైందనీ, విలియమ్స్ నుంచి హోవర్డ్ షోర్ దాకా ఎందరో సినిమా సంగీత దర్శకులు అక్కడే రికార్డు చేశారనీ ఎవరికి పట్టింది! మామూలు జనానికి లోపలికి ప్రవేశం లేదు. గోడ చూసి వచ్చేశాను. స్టార్ వార్స్ రికార్డు చేసిన డెన్హామ్ వెళ్దామా అంటే, అక్కడి స్టూడియోని 1980ల మొదట్లోనే పడగొట్టేశారు.

టెంపుల్ చర్చికి వెళ్లింది మాత్రం పెద్ద ఆశతో కాదు. ఫ్లీట్ స్ట్రీట్ నుంచి ఒక చిన్న ద్వారం లోపలికి తిరిగితే లాయర్ల ఆఫీసుల మధ్య ఉంటుంది. 1185లో ప్రతిష్ఠ జరిగిన గుండ్రటి చర్చి, నేల మీద పడుకున్నట్టు చెక్కిన రాతి యోధులు. 2014లో సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ అంతరిక్ష సినిమా ఇంటర్‌స్టెల్లార్ కోసం ఆర్గన్, అంటే గొట్టాల్లోంచి గాలితో మోగే చర్చి వాయిద్యం, రికార్డు చేసింది ఇక్కడే. ఇప్పుడున్న ఆర్గన్ 1924లో స్కాట్లండ్‌లో ఒక బంగళా కోసం చేసినది, 1941 బాంబుదాడిలో పాతది కాలిపోతే యుద్ధం తర్వాత ఇక్కడికి తెచ్చి పెట్టారు.

జిమ్మర్ అంటే నాకు పడదు. పడేది కాదు అనాలేమో. నోటితో కూనిరాగం తీసుకోలేని దాన్ని ట్యూన్ అనను అని ఎన్నిసార్లు వాదించానో. ఆ సినిమా వచ్చినప్పుడు సంగీతం హోరులో మాటలు వినపడట్లేదని తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. దర్శకుడు నోలన్ జిమ్మర్‌కి కథ చెప్పకుండా, ఏ రకం సినిమానో కూడా చెప్పకుండా, తండ్రీ బిడ్డల గురించి ఒక్క పేజీ రాసిచ్చి ట్యూన్ చెయ్యమన్నాడని తెలిసినప్పుడు కూడా పబ్లిసిటీ కబుర్లని కొట్టిపారేశాను.

నేను వెళ్లేసరికి ఎవరో ఆర్గన్ ప్రాక్టీస్ చేస్తున్నారు. సినిమా పాట కాదు, ఏదో పాత చర్చి సంగీతం. బెంచీ మీద కూర్చున్నాను. పెడల్స్ మీద కింది స్వరం తొక్కగానే ముందు చెవికి ఏమీ తెలియలేదు, బెంచీ వణికింది. ఆ తర్వాత వెన్ను. శబ్దం అని తెలిసింది చివరికి. ఇంకోటి గమనించాను, స్వరం మొదలయ్యే ముందు గాలి కదిలిన చప్పుడు, ఎవరో ఊపిరి తీసుకున్నట్టు. గాలి లేని చోటికి వెళ్లేవాళ్ల కథకి ఊపిరితో మోగే వాయిద్యాన్ని పట్టుకొచ్చాడా ఈ మనిషి! థియేటర్లో నేను విన్నది హోరు, ఇక్కడ గోడలే మోగుతున్నాయి. మైకులు పట్టుకున్నదాంట్లో స్పీకర్లు ఎంత మింగేశాయో ఆ బెంచీ మీద అర్థమైంది. ట్యూన్ లేదన్న నా మాట నేను వెనక్కి తీసుకోను. కానీ వాదనలో నేను చూస్తున్నది స్వరాలనే, గదిని కాదు.

వాయిస్తున్న మనిషి ఒకే చోట తప్పుతున్నారు. నాలుగు ఆవర్తాలు, పెడల్ దగ్గర కాలు జారుతుంది, ఆపి మళ్లీ మొదలు. నా లంచ్ టైము దాటిపోయింది, సాయంత్రం ఫ్లైటు, బ్యాగు ఇంకా సర్దలేదు. ఇంకొక్కసారి చూసి లేద్దామనుకుంటూ కూర్చున్నాను. ఆరోసారి సరిగ్గా వచ్చింది. చప్పట్లు కొట్టడానికి నేనూ, ఆ రాతి యోధులూ తప్ప ఎవరూ లేరు. మేమెవ్వరం కొట్టలేదు.