చాలు పొడవు, పద్నాలుగు రాత్రులు

మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ "రెండు ఫర్లాంగులు నడిస్తే గుడి" అంటారు. ఆ మాట మూలం ఈ వారమే చదివాను. పాత ఇంగ్లిష్‌లో 'ఫర్' అంటే నాగలి చాలు, 'లాంగ్' అంటే పొడవు. బరువైన నాగలి కట్టిన ఎడ్లను మాటిమాటికీ తిప్పడం కష్టం కాబట్టి, ఇంగ్లండ్ రైతులు పొలాన్ని సన్నగా, పొడుగ్గా దున్నేవారట. ఆ చాలు పొడవే ఫర్లాంగు, 220 గజాలు.

ఎకరం దాని చుట్టమే. ఒక జత ఎడ్లు ఒక రోజులో దున్నగలిగేంత నేల అని అసలు లెక్క. తర్వాత పొడవు ఫర్లాంగు, వెడల్పు 22 గజాలుగా స్థిరపడింది. గుణించి చూడండి, 4840! మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండే అంకె. ప్లాట్లు కొనేటప్పుడు గజాల దగ్గర ఎంత టెన్షన్ పడతామో కానీ, ఈ ఎడ్ల సంగతి ఎవరూ చెప్పరు. ఆ 22 గజాలు సర్వే గొలుసు పొడవు కూడా. క్రికెట్ పిచ్ పొడవూ అంతే.

'ఫోర్ట్‌నైట్' అంటే పద్నాలుగు రాత్రులు. పాతకాలం ఇంగ్లిష్ వాళ్లు రోజుల్ని రాత్రులతో లెక్కపెట్టేవారు. ఏడు రాత్రులకు 'సెన్నైట్' అని ఇంకో మాట ఉండేది. అది పోయింది, పక్షం రోజులది మాత్రం బ్రిటన్‌లో ఇంకా వాడుకలో ఉంది. అమెరికాలో ఉన్న మా కజిన్‌కి మాత్రం ఫోర్ట్‌నైట్ అంటే వీడియో గేమే.