వైజాగ్ మీద బాంబులేసిన ఓడ ఈ గేమ్‌లో ఉంది

వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ గురించి ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నా. మన దగ్గర ఆన్‌లైన్ గేమింగ్ అంటే బీజీఎంఐ, ఫ్రీ ఫైర్, మహా అయితే వాలరెంట్ దాకా వెళ్లి ఆగిపోతోంది, ఓడల గేమ్ ఒకటుందని చెప్తే చాలామంది అదేంటి అనే అడుగుతున్నారు. అది కూడా ఎవరు, నేవీ ఊరు అయిన మా వైజాగ్ వాళ్లే! తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ ఇక్కడే ఉంది, ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది, చిన్నప్పట్నుంచి హార్బర్‌లో గ్రే కలర్ ఓడలు చూస్తూనే పెరిగాం, అలాంటిది ఈ గేమ్ మనోళ్లకి తెలీకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

తెలీనివాళ్ల కోసం ముందు కొంచెం చెప్తా. వార్‌గేమింగ్ అనే కంపెనీది, వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ తీసింది కూడా వీళ్లే. పీసీలో 2015 సెప్టెంబర్‌లో రిలీజ్ అయింది, ఫ్రీగా ఆడుకోవచ్చు. మామూలు మ్యాచ్‌లో అటు 12 మంది ఇటు 12 మంది, టైమ్ 20 నిమిషాలు. ఓడలు ఎక్కువగా మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల కాలంవి, కొన్ని కాగితం మీద డిజైన్ దాకా వచ్చి ఆగిపోయినవి కూడా ఉంటాయి. టైర్ 1 నుంచి 10 దాకా ఒక్కో మెట్టు ఎక్కుతూ పోవాలి, ఆపైన సూపర్‌షిప్స్ అని ఇంకో వరుస పెట్టారు.

ఈ గేమ్ నాకు ఎందుకంత ఇష్టం అంటే దీని నిదానం. షూటింగ్ గేమ్స్‌లో ఎవడి వేలు ముందు కదిలితే వాడిది గెలుపు, ఇక్కడ అలా కుదరదు. దూరంగా ఉన్న ఓడని కొట్టాలంటే షెల్ (ఫిరంగి గుండు) వెళ్లి తగలడానికే పది సెకన్ల దాకా పడుతుంది, ఈలోపు అవతలోడు స్పీడ్ తగ్గించొచ్చు, స్టీరింగ్ తిప్పొచ్చు, అందుకని ఇప్పుడు వాడు ఉన్న చోటికి కాదు పది సెకన్ల తర్వాత ఎక్కడుంటాడో అక్కడికి కొట్టాలి. అంటే వాడి బుర్రలో ఏముందో నువ్వు ఊహించాలి. వాడి ముందు దీవి ఉంది కాబట్టి ఎడమకే తిరుగుతాడు, వాడి మీద ఇప్పుడే టార్పెడోలు వెళ్లాయి కాబట్టి ఆగుతాడు, ఇలా. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, మన నెట్‌లో పింగ్ కొంచెం ఎక్కువగా ఉన్నా ఏషియా సర్వర్‌లో హాయిగా ఆడుకోవచ్చు, ఫైబర్ కనెక్షన్ లేని ఊళ్లో ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఓడ నడపడం కూడా అంతే. అన్నిటికన్నా పెద్ద గన్స్, మందమైన ఆర్మర్ ఉండే బాటిల్‌షిప్‌ని మలపడం అంటే లోడు లారీని అరకు ఘాట్‌రోడ్‌లో తిప్పినట్టే, మలుపు ఇంకా దూరంగా ఉండగానే మొదలెట్టాలి. మలుపు తీసుకునేటప్పుడు నీ ఓడ పక్కభాగం మొత్తం ఎవడికో ఒకడికి కనబడుతుంది. అదే అసలు ప్రమాదం, ఎందుకంటే ఇంజన్లు, మందుగుండు ఉండే మధ్యభాగాన్ని సిటడెల్ అంటారు, పక్కనుంచి ఏపీ షెల్ (ఆర్మర్‌ని చీల్చుకుపోయే రకం) నేరుగా దాంట్లోకి దిగిందంటే, గన్స్ అన్నీ ఒకేసారి కొట్టే ఒక్క సాల్వోకే క్రూజర్ లాంటి మధ్యరకం ఓడ పోయినా ఆశ్చర్యం లేదు. అదే ఓడని కొంచెం ఏటవాలుగా పెడితే అవే షెల్స్ ఆర్మర్ మీద జారి బౌన్స్ అయిపోతాయి. దీన్నే యాంగిల్ చెయ్యడం అంటారు, కొత్తగా వచ్చినోళ్లు అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

కానీ యాంగిల్ చేసినా అన్నిసార్లూ బతకవు, ఇక్కడే నాకు బాగా నచ్చే లెక్క ఒకటుంది. షెల్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 14.3తో భాగిస్తే వచ్చే అంకె కంటే ప్లేట్ పల్చగా ఉంటే కోణంతో సంబంధం లేకుండా షెల్ లోపలికి వెళ్లిపోతుంది, దీన్ని ఓవర్‌మ్యాచ్ అంటారు. జపాన్ బాటిల్‌షిప్ యమాటోవి 460 మిల్లీమీటర్ల గన్స్, భాగిస్తే 32 దాటుతుంది, పెద్ద టైర్లలో చాలా బాటిల్‌షిప్‌ల ముక్కు మీద ప్లేట్ సరిగ్గా 32 మిల్లీమీటర్లే ఉంటుంది. అమెరికా బాటిల్‌షిప్ అయోవాది 406, అది 28 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి అయోవా ఎదురుగా ముక్కు పెట్టి ధైర్యంగా నిలబడొచ్చు, యమాటో ఎదురుగా నిలబడకూడదు. అవతల టీమ్ లిస్ట్‌లో యమాటో పేరు కనిపించగానే ఎక్కడ నిలబడాలి అనే ప్లాన్ మొత్తం మారిపోతుంది, మ్యాచ్ ఇంకా మొదలవ్వకముందే. నాకు ఈ గేమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన క్షణాలు ఆ లోడింగ్ స్క్రీన్‌వే.

మా బావ డిస్ట్రాయర్లే ఆడతాడు, నేను క్రూజర్లు, ఇద్దరం డివిజన్ కట్టుకుని రాత్రిళ్లు ఆడతాం. డిస్ట్రాయర్ అంటే టీమ్‌కి కళ్లు. చిన్న ఓడ, కొన్నైతే ఆరు కిలోమీటర్ల దగ్గరికి వెళ్లేదాకా శత్రువుకి కనబడవు, వాళ్లు ముందుకెళ్లి చూస్తేనే వెనకున్న మాకు టార్గెట్ కనిపిస్తుంది. డామినేషన్ అనే మోడ్‌లో క్యాప్ సర్కిల్స్, అంటే మ్యాప్ మీద పట్టుకుంటే పాయింట్లొచ్చే చోట్లు, పట్టేది వాళ్లే, 1000 పాయింట్లు ఎవరికి ముందొస్తే వాళ్లదే గెలుపు కాబట్టి కిల్స్ తక్కువున్నా క్యాప్స్ పట్టిన టీమ్ గెలవడం రోజూ జరిగేదే. "బావా స్మోక్ వేసేశాను, లోపలికి వచ్చెయ్, కానీ అటు డి మొయిన్ ఉంది, రాడార్ నొక్కుతాడు జాగ్రత్త" అని వాడు చెప్తుంటే నేను దీవి వెనక ఇంజన్ ఆపుకుని కూర్చుంటా. డి మొయిన్ అమెరికా క్రూజర్, దాని రాడార్ స్మోక్‌నీ దీవినీ దాటి చూపించేస్తుంది, అందుకని అవతలోడి రాడార్ టైమ్ అయిపోయేదాకా ఆగి, అప్పుడు బయటికి రావాలి. ఆ ఆగడం తెలిసినోడే ఈ గేమ్‌లో ముందుకెళ్తాడు. మంటలంటుకున్నా అంతే, ఒక్క మంటకే రిపేర్ బటన్ నొక్కేస్తే ఆ వెంటనే రెండు చోట్ల అంటుకుంటుంది, అప్పుడు చేతిలో ఏమీ ఉండదు, కాబట్టి చిన్న మంటని కాసేపు ఓర్చుకోవాలి.

సరే, ఇప్పుడు అసలు రాద్దామనుకున్న దగ్గరికి వస్తా. ఈ గేమ్‌లో జపాన్ క్యారియర్లలో (విమానాలు మోసే ఓడల్లో) టైర్ 6 దగ్గర ర్యూజో అని ఒకటుంటుంది. చూడ్డానికి విచిత్రంగా ఉంటుంది, ముందువైపు ఫ్లైట్ డెక్ కింద బ్రిడ్జ్ ఉంటుంది, సన్నటి ఒళ్లు, పైన బరువు. మా వైజాగ్ మీద 1942 ఏప్రిల్ 6న బాంబులేసిన విమానాలు ఈ ర్యూజో నుంచే వచ్చాయి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు. జపాన్ వాడు బాంబులేసిన ఏడు అని మా పెద్దాళ్లు చెప్పుకునే కథలు విన్నాం, జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకి పోయారని విన్నాం, పేలని జపాన్ బాంబు ఒకటి బీచ్‌రోడ్‌లో విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది, కానీ ఆ విమానాలు ఏ ఓడ మీంచి లేచాయో మాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. గేమ్‌లో మన ఓడలుండే పోర్ట్ స్క్రీన్‌లో ఆ ఓడని చుట్టూ తిప్పి చూస్తూ, దాని డెక్ మీద వరుసగా నిలబెట్టిన విమానాల్ని చూస్తుంటే ఒంట్లో ఏదో అయ్యింది నాకు. ఈ ఓడే. మన బంగాళాఖాతంలోకి వచ్చిన ఓడ.

అప్పట్నుంచి దాని గురించి దొరికినదల్లా చదివా. ర్యూజో ఒక్కటే రాలేదు. జపాన్ అడ్మిరల్ ఒజావా కింద చోకాయ్ అనే హెవీ క్రూజర్, మొగామి, మికుమా, కుమానో, సుజుయా, ఇంకా యురా, డిస్ట్రాయర్లు, ఇవన్నీ మూడు గుంపులుగా విడిపోయి మన తూర్పు తీరం పొడవునా వ్యాపార ఓడల్ని వేటాడాయి. కొద్దిరోజుల్లోనే ఇరవైకి పైగా ఓడలు మునిగాయి. అదే వారంలో ఇంకో పెద్ద జపాన్ దళం సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వైపు కొట్టింది, ఏప్రిల్ 5న బ్రిటిష్ క్రూజర్ డార్సెట్‌షైర్, ఏప్రిల్ 9న హెర్మీస్ క్యారియర్ మునిగాయి. మొగామి గేమ్‌లో టైర్ 8, హెర్మీస్ టైర్ 4 బ్రిటిష్ క్యారియర్. అంటే మన సముద్రంలో 1942లో జరిగిన కథలో పాత్రలు చాలావరకు ఈ గేమ్ పోర్ట్‌లోనే ఉన్నాయి, మనం మాత్రం వాటిని ఉత్త స్టాట్స్‌లా చూసి వదిలేస్తున్నాం!

మొగామి నా ఇష్టమైన ఓడ కాబట్టి ఇంకొంచెం చెప్తా. కట్టినప్పుడు దాని మీద 155 మిల్లీమీటర్ల గన్స్ 15 ఉండేవి, యుద్ధానికి ముందు అవి తీసేసి 203 మిల్లీమీటర్లవి 10 పెట్టారు, తీసిన టరెట్లని తీసుకెళ్లి యమాటో మీద సెకండరీస్‌గా, అంటే పెద్ద గన్స్‌కి తోడుండే చిన్న గన్స్‌గా, వాడారు. గేమ్‌లో ఈ రెండు రకాల గన్సూ ఎంచుకోవచ్చు, ఆ చిన్న వివరం వదలకుండా పెట్టినందుకు చేసినోళ్లకి దండం పెట్టాలి. మన తీరం నుంచి వెనక్కెళ్లిన రెండు నెలలకే మిడ్‌వే యుద్ధంలో మొగామి, మికుమా ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, మికుమా అక్కడే పోయింది. ర్యూజో అదే ఏడాది ఆగస్ట్ 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికా క్యారియర్ సారటోగా విమానాల దెబ్బకి మునిగింది.

సబ్‌మెరైన్ల గురించి గేమ్ ఆడేవాళ్లలో పెద్ద గొడవే ఉంది. 2022లో మామూలు మ్యాచ్‌ల్లోకి వచ్చాయి, చాలామందికి అస్సలు నచ్చవు, కనబడకుండా సోనార్ పింగ్ కొట్టి వెనకాలే తిరిగొచ్చే టార్పెడోలు వదుల్తాయి కాబట్టి నాక్కూడా వాటితో ఆడాలంటే చిరాకే. కానీ నీళ్లలో ఎంతసేపుంటే అంత బ్యాటరీ కరిగిపోయే పద్ధతి మాత్రం నిజానికి దగ్గరగా ఉంది. ఆర్కే బీచ్‌లో కుర్సురా లోపలికెళ్లిన వాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది, డీజిల్ సబ్ బ్యాటరీ ఛార్జ్ చేసుకోవాలంటే పైకి రావాల్సిందే. వైజాగ్ దగ్గర 1971 డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి మునిగిన పాకిస్తాన్ సబ్ ఘాజీ అసలు అమెరికా వాళ్లది, పేరు డయాబ్లో, టెంచ్ క్లాస్. గేమ్‌లో అమెరికా టైర్ 10 సబ్ బలావో ఉంది కదా, ఆ బలావో క్లాస్‌నే ఇంకాస్త మెరుగుపరిచి కట్టినవి టెంచ్ క్లాస్ సబ్‌లు. విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చింది ఘాజీ, మన డిస్ట్రాయర్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జ్‌లకే (నీళ్లలో పేలే బాంబులకే) పోయిందని మనం అంటాం, లోపలే ఏదో పేలి పోయిందని వాళ్లంటారు. బలావో ఒళ్లు స్క్రీన్ మీద చూస్తే ఘాజీ ఎలా ఉండేదో ఒక అంచనాకి రావచ్చు.

మన నేవీ ఓడ కూడా ఒకటుంది, మైసూర్. కామన్‌వెల్త్ లిస్ట్‌లో ప్రీమియం క్రూజర్. బ్రిటిష్ వాళ్ల నైజీరియా అనే క్రూజర్‌ని మనం కొని 1957లో ఐఎన్‌ఎస్ మైసూర్‌గా నేవీలో చేర్చాం, 1971లో పశ్చిమ దళానికి ఫ్లాగ్‌షిప్ అదే. ఆ పేరు మ్యాచ్ లిస్ట్‌లో కనబడితే చాలు, అవతల టీమ్‌లో ఉన్నా సరే, దాన్ని కొట్టాలంటే నాకు చేయి రాదు.

డబ్బుల విషయం దాచకుండా చెప్పాలి. ఫ్రీ అంటే ఫ్రీనే, కానీ టైర్ 8 దాటాక క్రెడిట్స్ సంపాదన కష్టమవుతుంది, ఒక్కో మ్యాచ్ తర్వాత సర్వీస్ ఖర్చు పెరిగిపోతుంది, అక్కడ ప్రీమియం అకౌంట్ కొనమని గేమ్ లాగుతూ ఉంటుంది. లాటరీ లాంటి కంటైనర్ల మీద బయట చాలా గొడవ జరిగింది, 2021 ఆగస్ట్‌లో గేమ్ గురించి వీడియోలు చేసే కంట్రిబ్యూటర్లు చాలామంది ఆ ప్రోగ్రామ్ వదిలేసి బయటికొచ్చేశారు. ఏమొస్తుందో తెలీని పెట్టెకి డబ్బులు పెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం, పిల్లలు ఆడే ఇళ్లలో అయితే కార్డ్ డీటెయిల్స్ సేవ్ చేసి పెట్టొద్దు. రోజూ ఆడితే వచ్చే కోల్ అనే గేమ్ కరెన్సీతో కూడా మంచి ఓడలు కొనుక్కోవచ్చు, టైమ్ పడుతుంది అంతే.

మొదలెట్టాలనుకుంటే సర్వర్ ఏషియా పెట్టుకోండి, కొన్నిరోజులు బాట్స్ (కంప్యూటర్ నడిపే ఓడలు) మీద కో-ఆప్ మోడ్‌లో ఆడండి, జపాన్ క్రూజర్ల లైన్ పట్టుకోండి. ఫురుటాకా, అవోబా, మ్యోకో దాటితే మొగామి వస్తుంది. వాటి టార్పెడోలు వెనకవైపు కోణంలో వెళ్తాయి కాబట్టి తిరిగి పారిపోతున్నప్పుడే వదలాలి. తొందరపడి డబ్బులిచ్చి టైర్ 8 ఓడ కొనొద్దు, టైర్ 5, 6లో మినీమ్యాప్ చూడ్డం అలవాటయ్యేదాకా ఉండండి. టైర్ 6లోకి వచ్చాక అవతల టీమ్ లిస్ట్‌లో ర్యూజో పేరు తగులుతుంది. అప్పుడు మీ టీమ్‌లో ఏఏ గన్స్ (విమానాల్ని కొట్టేవి) ఉన్న మిగతా క్రూజర్ల పక్కన చేరండి, ఒంటరిగా ఉన్న ఓడ మీదకే దాని విమానాలు ముందుగా వస్తాయి.