డ్యూటీ చార్ట్ వెనక పేజీ

రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చిలో మా నెల్లూరులోనే తేలింది. అప్పుడు నేను పెన్న అవతల ఒక సర్కారు ఆసుపత్రిలో హెడ్ నర్సుని. డ్యూటీలు వేసేది నేనే. లిస్టులో పేర్ల వరసన వేసుకుంటూ పోయేదాన్ని. అదే న్యాయం అనుకున్నా.

2021 మే. సెకండ్ వేవ్ ముదిరింది. బెడ్లు చాలక వరండాలో మంచాలు వేశాం. ఒక మధ్యాహ్నం కోవిడ్ వార్డులో ఆరు గంటల డ్యూటీ దిగిన పిల్ల పీపీఈ కిట్ విప్పుతోంది. గ్లౌజుల్లో నానిపోయి వేళ్ళు ముడతలు పడున్నాయి. మాస్కు తాడు చెవి వెనక కోసుకుపోయింది. అవి రోజూ చూసేవే. కానీ జాకెట్టు ముందుభాగం అట్టకట్టి ఉంది. చెమట కాదు, పాలు.

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నా.

"చెప్తే డ్యూటీ ఎగ్గొట్టడానికి సాకంటారని, మేడం."

ఆమె మెటర్నిటీ లీవు కాగితం పైకి పంపింది నేనే. ఇంట్లో ఎనిమిది నెలల బాబు ఉన్నాడని తెలుసు. వాడు ఇంకా పాలు తాగుతుంటాడన్న ఆలోచనే రాలేదు నాకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి చార్ట్ వేసే ముందు ఒక్కొక్కర్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఇంటి సంగతి అడిగా. నర్సుల్నే కాదు, వార్డు బాయ్‌ల్ని, ఊడ్చే ఆయమ్మల్ని కూడా. చార్ట్ వెనక పేజీలో రాసుకున్నా. ఒకరికి డయాలసిస్ మీదున్న మామగారు. ఒకరిది ఏటిగట్టు కింద ఇల్లు. పాలిచ్చే పిల్లని కాన్పుల వార్డుకి మార్చి, కోవిడ్ వార్డులో ఆమె వంతు నేను దిగా. మిగతావాళ్ళు గొణుగుతారేమోనని టెన్షన్ పడ్డా. మూడో రోజు ఒకావిడ వచ్చి, "సగం నాకివ్వండి మేడం" అంది.

ఆ నవంబర్‌లో పెన్న పొంగింది. పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. నెల్లూరు నుంచి రావాల్సిన షిఫ్టు రాలేదు. వెనక పేజీ తీసి, ముందు ఏటిగట్టు కింద ఆయమ్మకి ఫోన్ చేశా. పిల్లల్ని తీసుకుని ఆసుపత్రి మేడ మీదకి వచ్చేయమన్నా. వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, చీపురు అందుకుంది. వద్దన్నా వినలేదు. రాత్రి డ్యూటీ చేసిన ముగ్గుర్నీ ఉండమని అడగడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళే ఇంకో పగలు, ఇంకో రాత్రి ఉన్నారు. అందులో ఆ పిల్ల కూడా ఉంది. ఇంటికి పోతావా అంటే, "బాబు మా అత్త దగ్గరున్నాడు. మీ పేజీలో రాసుకున్నారుగా" అంది.

రిటైరైన రోజు కొత్తావిడకి తాళాలు, స్టాక్ రిజిస్టర్లు అప్పజెప్పా. చార్టులు కూడా ఇచ్చా, వెనక పేజీలు మాత్రం చింపేసుకున్నా. అవి నన్ను నమ్మి చెప్పిన మాటలు. "ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టుకుని మళ్ళీ అడుగమ్మా" అన్నా.